కౌలు రైతుల సంస్థలో వేసవి ఇంటర్న్‌షిప్: చేరబోయే లా విద్యార్థికి నా సమాధానం

మీరు రాసింది ముందు క్లుప్తంగా చెప్పుకుంటాను, నాకు సరిగ్గా అర్థమైందో లేదో మీకే తెలుస్తుంది. ఐదేళ్ల లా కోర్సులో మూడో ఏడాది అయిపోతోంది. మే నుంచి రెండు నెలలు హైదరాబాద్‌లో కౌలు రైతుల హక్కుల మీద పనిచేసే ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో ఇంటర్న్‌గా చేరుతున్నారు. మొదటి వారం ఏం చేయాలో తెలియక టెన్షన్. ఊళ్లకు పంపిస్తే ఏం మాట్లాడాలో భయం. స్టైపెండ్ లేదని నాన్నగారి కోపం. ఇవన్నీ వివరంగా రాసి, చివర్లో ఒక్క లైనులో అసలు సంగతి చెప్పారు: ఖమ్మం దగ్గర మీ ఇంటి మూడెకరాలు ఏళ్లుగా కౌలుకు ఉన్నాయి, కాగితం మీద ఒక్క ముక్క లేదు, అలాంటప్పుడు నేను వెళ్లి కౌలు రైతుల తరఫున మాట్లాడితే చెప్పేదొకటి చేసేదొకటి కాదా అని. మిగతావాటికి జవాబులు తేలిక. దీనికి కొంచెం ఎక్కువ రాయాలి, తర్వాత వస్తాను.

నేను భూమి హక్కుల రంగంలో చాలా ఏళ్లుగా ఉన్నాను. వేసవి వస్తే మా ఆఫీసులోనూ లా, ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్ పీజీ) పిల్లలు కనిపిస్తారు. వాళ్లతో పనిచేసిన అనుభవంతోనే చెప్తున్నాను.

ఈ వారమే చేయాల్సిన పని ఒకటుంది. బార్ కౌన్సిల్ 2008 నిబంధనల ప్రకారం ఐదేళ్ల కోర్సు వాళ్లు మొత్తం 20 వారాల ఇంటర్న్‌షిప్ చేయాలి. స్వచ్ఛంద సంస్థలో చేసింది కూడా అందులోకి వస్తుంది. కానీ ఏ ఏడాదిలోనైనా ఏకధాటిగా 4 వారాలకు మించకూడదని అదే నిబంధన చెప్తోంది. మీది రెండు నెలలు. మీ కాలేజీ దీన్ని ఎలా లెక్క కడుతుందో చేరకముందే ఆఫీసులో అడిగి, వాళ్లు చెప్పింది మెయిల్‌లో రాయించుకోండి. ఆగస్టులో సర్టిఫికెట్ పట్టుకెళ్లాక ఇందులో సగమే చెల్లుతుందంటే అప్పుడు ఎవరితో వాదించినా లాభం ఉండదు.

ఇక సంస్థ సంగతి. చాలామంది పిల్లలు ఎన్జీవో అనగానే బియ్యం పంచడం, ట్యూషన్లు చెప్పడం, మెడికల్ క్యాంపులు ఊహించుకుని వస్తారు. మీరు వెళ్తున్న చోట ఎవరికీ ఏదీ పంచరు. ప్రభుత్వం ఇవ్వాల్సింది ఇవ్వకపోతే ఎందుకివ్వలేదని అడుగుతారు. నిబంధనే తప్పుగా ఉంటే దాన్ని మార్చమని అడుగుతారు. అలా అడగడానికి వాళ్ల చేతిలో ఉండేది కాగితం ఒక్కటే.

తెలంగాణలో రైతుబీమానే తీసుకోండి. 2018లో మొదలైంది. 18 నుంచి 59 ఏళ్ల మధ్య రైతు ఏ కారణంతో చనిపోయినా కుటుంబానికి 5 లక్షలు వస్తాయి. అయితే ఇక్కడ రైతు అంటే పట్టాదారు పాస్‌బుక్ ఉన్న మనిషి. ఎనిమిదెకరాలు కౌలుకు చేస్తూ, సొంతానికి గుంట భూమి లేని మనిషి ఈ లెక్కలో రైతు కాదు. అతను పోయాక ఇంటికి బీమా రాకపోతే అది ఒక కేసు. ఒకే మండలంలో అలాంటి కుటుంబాలు పదిహేను దొరికితే, లోపం నిబంధనలోనే ఉందని చూపించవచ్చు. ఆ పదిహేను ఇళ్ల వివరాలు తేదీలు, సర్వే నంబర్లతో సహా పక్కాగా ఉంటే వ్యవసాయ శాఖ కమిషనర్ ముందు కూర్చుని మాట్లాడవచ్చు, పత్రికలకు ఇవ్వవచ్చు, హైకోర్టుకు వెళ్లవచ్చు. వాటిలో ఒక్కటి తప్పని తేలిందా, అవతలి అధికారి మిగతా పద్నాలుగింటినీ అదే గాటన కట్టేస్తాడు. ఇంటర్న్ చేతికి వచ్చేది సరిగ్గా ఈ వివరాల పనే. రాసుకోవడం, సరిచూడడం, టైప్ చేయడం. చూడటానికి గుమాస్తా పనిలా ఉంటుంది. సంస్థ మాటకు విలువ ఉండేదీ పోయేదీ మాత్రం అక్కడే.

మొదటి మూడు నాలుగు రోజులు మీకు ఎవరూ పెద్దగా పని చెప్పరు. నిర్లక్ష్యం కాదు, మే నెలలో వాళ్లకు ఊపిరి ఆడదు. యాసంగి ధాన్యం కొనుగోళ్ల గొడవలు ఒకపక్క, వానాకాలానికి కొత్త కౌళ్లు మాట్లాడుకునే రోజులు మరోపక్క. ఆ ఖాళీలో ఫోన్ చూస్తూ కూర్చోకుండా పాత వినతిపత్రాల ఫైళ్లు అడిగి చదవండి. చట్టాలు ఎలాగూ చదువుతారు: తెలంగాణ ప్రాంతపు 1950 కౌలుదారీ చట్టం, ఉమ్మడి రాష్ట్రంలో 2011లో వచ్చిన అధీకృత సాగుదారుల చట్టం, ఆంధ్రప్రదేశ్ 2019లో తెచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం, తెలంగాణలో 2025లో వచ్చిన భూభారతి చట్టం. వీటి మీద ఆఫీసులో అందరికంటే మీరే బాగా మాట్లాడతారు కూడా. కాలేజీలో నేర్పనిది పహాణీ, అంటే ఊరి భూముల రికార్డు, చదవడం. పాత పహాణీ ఒకటి తీసుకుని ఎవరైనా సీనియర్‌ను పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కో కాలమ్ అడగండి. పట్టాదారు కాలమ్‌తో పాటు అనుభవదారు కాలమ్ విడిగా కనిపిస్తుంది. భూమి ఎవరిది, దున్నుతున్నది ఎవరు అనే రెండు వేరువేరు ప్రశ్నలకు అక్కడ జవాబు దొరికేది. ప్రభుత్వం భూరికార్డులకు పెట్టిన ధరణి పోర్టల్ వచ్చాక ఆ అనుభవదారు కాలమ్ ఎత్తేశారు. మీ సంస్థవాళ్లు ప్రతి మీటింగ్‌లోనూ ఆ కాలమ్ గురించి ఎందుకంత పట్టుబడతారో ఆ కాగితం చూస్తే తెలుస్తుంది.

విస్తీర్ణాల దగ్గర మరీ జాగ్రత్త. తెలంగాణలో ఎకరానికి 40 గుంటలు. రికార్డులో 2.20 అని ఉంటే రెండెకరాల ఇరవై గుంటలు, అంటే రెండున్నర ఎకరాలు. ఆంధ్రలో ఎకరానికి 100 సెంట్లు, అక్కడ 2.20 అంటే రెండెకరాల ఇరవై సెంట్లు. ఇంటర్న్‌లు వీటిని ఉన్నవి ఉన్నట్టు ఎక్సెల్‌లో ఎక్కించి కింద మొత్తం కొట్టేస్తారు. 1.30, 1.30 కలిపితే ఎక్సెల్ 2.60 చూపిస్తుంది, నిజానికి అది మూడున్నర ఎకరాలు. ఎకరాలకు ఒక గడి, గుంటలకు ఒక గడి పెట్టండి. అలాగే కౌలు ఎంత అని అడిగినప్పుడు బస్తాల్లో చెప్తే, ఎన్ని కిలోల బస్తా అని వెంటనే అడగండి. కోస్తాలో ధాన్యం బస్తా అంటే సాధారణంగా 75 కిలోలు, తెలంగాణ కొనుగోలు కేంద్రంలో 40 కిలోల సంచి. ఆ ఒక్క ప్రశ్న మర్చిపోతే కౌలు లెక్క దాదాపు రెట్టింపు తేడా వస్తుంది.

సమాచార హక్కు దరఖాస్తులు వేయాలనుకుంటే చేరిన మొదటి వారంలోనే వేయండి. జవాబుకు చట్టం ఇచ్చిన గడువు 30 రోజులు. రాకపోతే మొదటి అప్పీలు వేసుకోవాలి. మీకున్నది రెండు నెలలు. ఐదో వారంలో వేసిన దరఖాస్తు జవాబు మీరు వెళ్లిపోయాక వస్తుంది, దాన్ని పట్టించుకునేవాళ్లు ఉండరు. అడిగే పద్ధతి కూడా ముఖ్యం. “కౌలు రైతులకు బీమా ఎందుకు ఇవ్వడం లేదు?” అని రాస్తే, అభిప్రాయాలు చెప్పడం మా పని కాదని తిప్పి పంపుతారు. వాళ్లు అలా అనడం సబబే. “ఫలానా మండలంలో ఫలానా ఏడాది రైతుబీమా కింద వచ్చిన క్లెయిమ్‌లు ఎన్ని, తిరస్కరించినవి ఎన్ని, తిరస్కరణకు కారణం నమోదు చేసిన రిజిస్టర్ నకలు ఇవ్వండి” అని రాయండి. ఉన్న రికార్డునే అడగాలి, కొత్తగా తయారుచేసి ఇమ్మని అడగకూడదు. ఎందుకు కావాలో చెప్పాల్సిన అవసరం లేదు, సెక్షన్ 6(2) అందుకే ఉంది. తప్పు ఆఫీసుకు పంపినా సెక్షన్ 6(3) కింద 5 రోజుల్లో వాళ్లే సరైన ఆఫీసుకు బదిలీ చేయాలి. మీ పేరుతో వేసినా చిరునామా మాత్రం సంస్థది ఇవ్వండి. ఒంటరిగా ఉండే అమ్మాయి హాస్టల్ అడ్రస్ మండలాఫీసు ఫైల్లో తిరగడం నాకిష్టం లేదు. అబ్బాయైనా అంతే.

వినతిపత్రం ఒక్క పేజీ దాటనీయకండి. సోమవారం కలెక్టరేట్‌లో జనం దరఖాస్తులు తీసుకునే ప్రజావాణికి వెళ్లి చూస్తే కారణం మీకే తెలుస్తుంది. పొడవైన వరుస ఉంటుంది, కలెక్టర్ చేతిలో కాగితం ఉండేది నిమిషమో రెండు నిమిషాలో. మొదటి నాలుగు లైన్లలో ఎవరు, ఏ ఊరు, ఏం కావాలి, ఏ జీవో ప్రకారం అడుగుతున్నారు అన్నది వచ్చేయాలి. రాజ్యాంగంలోని 21వ అధికరణంతో మొదలుపెట్టకండి. దరఖాస్తు ఇచ్చాక రసీదు నంబర్ తీసుకోకుండా బయటకు రావద్దు. ఆ నంబర్ లేకపోతే ఆ కాగితం ఇచ్చినట్టే కాదు.

ఊళ్లకు వెళ్లడం గురించి అంత భయం అక్కర్లేదు. మే ఎండలో ఎలాగూ మధ్యాహ్నం ఎవరూ దొరకరు. పొద్దున ఆరింటికల్లా ఊళ్లో ఉండాలి, లేదా సాయంత్రం ఐదు తర్వాత వెళ్లాలి. మొదటిసారి సీనియర్ పక్కన కూర్చుని వినండి, నోట్‌బుక్ కూడా కాసేపటి తర్వాతే తీయండి. మీరెవరు, ఏ ఊరు, ఇంటిపేరేంటి అని అడుగుతారు. ఇంటిపేరు ఎందుకడుగుతున్నారో మీకూ తెలుసు, వాళ్లకూ తెలుసు. చెప్పండి, తర్వాత పనిలోకి వెళ్లండి. మగవాళ్లు చెప్పిన లెక్క రాసుకున్నాక ఇంట్లో ఆడవాళ్లతో విడిగా మాట్లాడే వీలు చూసుకోండి. అప్పు ఎంత, ఎవరి దగ్గర, ఏ మిత్తికి అన్న లెక్క చాలా ఇళ్లలో ఆమె దగ్గరే సరిగ్గా ఉంటుంది. సంఘంలో తెచ్చింది, మైక్రోఫైనాన్స్ వాయిదాలు, బంగారం కుదవపెట్టింది ఆయన చెప్పిన లెక్కలో ఉండవు.

ఒక్క మాట మాత్రం నోటివెంట రాకూడదు: “మీకు వచ్చేలా చేస్తాం.” వాళ్లు మీ ముఖం చూసి అడుగుతారు, బిడ్డా ఇది వస్తుందా అని. వస్తుందో రాదో తెలియదు, దరఖాస్తు పెడతాం, ఏమైందో మీకు చెప్తాం అనండి. అంతకు మించి హామీ ఇచ్చే అధికారం మీకు లేదు, మీ డైరెక్టర్‌కూ లేదు. ఆధార్, పాస్‌బుక్ ఫొటోలు మీ సొంత ఫోన్‌లో తీసి ఆఫీసు వాట్సాప్ గ్రూపులో పడేసే అలవాటు చాలా సంస్థల్లో ఉంది. నాకది నచ్చదు. అవసరమైన కాగితాన్నే తీసుకోండి, ఎందుకు తీసుకుంటున్నారో చెప్పండి, ఆఫీసు కంప్యూటర్‌లో పెట్టి ఫోన్‌లోంచి తీసేయండి. ఇక ఊరి ఫొటోలు మీ ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టడం గురించి చెప్పనక్కర్లేదనుకుంటా.

రైతు ఆత్మహత్య జరిగిన ఇంటికి మిమ్మల్ని తీసుకెళ్లే అవకాశం ఉంది. మొదటి రెండు వారాల్లో రమ్మంటే, ఇప్పుడే కాదు అనవచ్చు. ఒంటరిగా అయితే అసలు వెళ్లకండి. తెలంగాణలో 2015 నాటి 194 జీవో కింద అలాంటి కుటుంబానికి 6 లక్షలు రావాలి. అందులో లక్ష అప్పుల పరిష్కారానికి. ఆర్డీవో, డీఎస్పీ, వ్యవసాయ శాఖ ఏడీఏ (సహాయ సంచాలకుడు) ఉన్న త్రిసభ్య కమిటీ విచారణ చేసి నిర్ధారించాలి. పాస్‌బుక్ లేని కౌలు రైతు విషయంలో అతను సాగు చేశాడని నిరూపించడమే పెద్ద పని అవుతుంది. కౌలు ఇచ్చిన ఆసామి వాంగ్మూలం, ఎరువుల దుకాణం బిల్లులు, పక్క చేను రైతుల సాక్ష్యం, అన్నీ ఒక్కొక్కటిగా కూడగట్టాలి. మీరు సాయపడగలిగింది ఈ కాగితాల్లోనే. ఎలా చనిపోయాడు, ఎవరు ముందు చూశారు లాంటివి మీరు అడగొద్దు. ఎఫ్‌ఐఆర్‌లో, పోస్ట్‌మార్టం రిపోర్టులో అవి ఉంటాయి. పిల్లల ముందు ఏమీ అడగొద్దు. తిరిగి వచ్చాక రెండు రోజులు నిద్ర పట్టకపోతే అది మీ బలహీనత కాదు, మీ సూపర్‌వైజర్‌కు చెప్పండి. వాళ్లకీ పట్టి ఉండదు.

ఇప్పుడు మీ మూడెకరాలు.

కౌలుకు ఇచ్చిన ఇంటి పిల్ల కౌలు రైతుల కోసం పనిచేయకూడదంటే, ఈ సంస్థల్లో సగం కుర్చీలు ఖాళీ అవుతాయి. మొదటి రోజే మీ సూపర్‌వైజర్‌కు మామూలుగా చెప్పేయండి. దాచి ఆరో వారంలో బయటపడితేనే ఇబ్బంది. చెప్పాక, దాన్ని పనికి వాడుకోండి. ఈ సమస్యలో కౌలు రైతు ఏమంటాడో సంస్థ దగ్గర దండిగా రాసిపెట్టి ఉంటుంది. యజమాని ఎందుకు సంతకం పెట్టడో అంత లోతుగా రాసినవి తక్కువ. యజమాని సంస్థ వాళ్లతో మాట్లాడడు. మీ నాన్నగారు మీతో మాట్లాడతారు.

ఆయన భయం గాలిలోంచి పుట్టింది కాదు. 1950 చట్టం కింద రక్షిత కౌలుదార్లుగా నమోదైన వాళ్లకు తర్వాతి కాలంలో 38-ఇ సర్టిఫికెట్లతో యాజమాన్య హక్కు వచ్చింది. న్యాయమైన చట్టమే. కానీ కాగితం మీద పేరెక్కితే భూమి పోతుందన్న మాట అప్పటి నుంచి ఇళ్లల్లో తాత నుంచి మనవడికి వస్తోంది. ఆ భయం తీర్చడానికే ఆంధ్రప్రదేశ్ 2019 చట్టంలో కౌలు ఒప్పందానికి 11 నెలల గడువు పెట్టారు. ఆ చట్టం కింద కౌలు రైతుకు ఇచ్చే కార్డుతో పంట రుణం, బీమా లాంటివే తప్ప భూమి మీద ఏ హక్కూ రాదని రాశారు. అయినా యజమాని సంతకం కావాలన్నారు, ఆ సంతకం దగ్గరే చాలామందికి కార్డు ఆగిపోతోంది. తెలంగాణలో దీనికి ఇంకో ముడి ఉంది. ప్రభుత్వం ఇచ్చే పెట్టుబడి సాయం, రైతుభరోసా, ఎకరానికి సీజన్‌కు 6 వేలు పట్టాదారు ఖాతాలో పడుతుంది. కౌలుదారు పేరు ఎక్కడైనా రాస్తే అది ఆగుతుందేమోనని అనుమానం. మీ నాన్నగారు ఈ రెండింట్లో దేనికి భయపడుతున్నారు? లేక మూడోది ఏదైనా ఉందా? ఎలాంటి హామీ ఉంటే సంతకం పెడతారు? వాదించకుండా, లా పాయింట్లు తీయకుండా ఒక సాయంత్రం అడిగి రాసుకోండి. మీ బాబాయిలను, ఊళ్లో తెలిసిన మరో నలుగురు ఐదుగురు యజమానులను కూడా అడగండి. పేర్లు లేకుండా నాలుగు పేజీల నోట్ తయారుచేసి సంస్థకు ఇస్తే, రెండు నెలల్లో ఏ ఇంటర్న్ ఇచ్చే పనికన్నా అది ఎక్కువ పనికొస్తుందని నా అంచనా.

ఒక హద్దు మాత్రం పెట్టుకోండి. మీ భూమి చేసే కౌలు రైతును కేసుగా రాయకండి, ఇంటర్వ్యూ చేయకండి. ఆయన మీకు కాదనలేడు. ఆయన చెప్పేది మీ నాన్నకు చేరుతుందన్న ఆలోచన ఆయన మనసులో ఉంటుంది కాబట్టి చెప్పేది కూడా నిజం కాకపోవచ్చు. ఆయనకు ఏదైనా చేయాలనిపిస్తే ఒక కాగితం రాసివ్వమని మీ ఇంట్లో మీరు మాట్లాడుకోవాలి. అది ఇంటర్న్‌షిప్ పని కాదు, మీ ఇంటి పని.

డబ్బు సంగతి. చిన్న సంస్థలు స్టైపెండ్ ఇవ్వకపోవడం ఎప్పుడూ పిసినారితనం కాదు. విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణతో, ఆ నిధుల్లో ఆఫీసు ఖర్చులకు వాడుకునే పరిమితిని 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గించారు. ఒక సంస్థ తనకొచ్చిన విదేశీ నిధుల్ని ఇంకో సంస్థకు ఇవ్వడం కూడా ఆపేశారు. పెద్ద సంస్థల ద్వారా డబ్బు అందే చిన్న సంస్థలకు అది గట్టి దెబ్బ. అయితే ఊళ్లకు వెళ్లే బస్సు చార్జీలు, ఆ రోజు భోజనం, జిరాక్సులు ఇంటర్న్ జేబులోంచి పోకూడదు. చేరే ముందే మెయిల్‌లో అడగండి, అడగడం తప్పు కాదు. అవి కూడా ఇవ్వమంటే నేనైతే ఆలోచిస్తాను. ఇక నాన్నగారికి చెప్పాల్సింది: సివిల్ కోర్టుల్లో నడిచే వాటిలో భూమి తగాదాలకు కొదవ లేదు. పహాణీ, 1బి, సేత్వార్ లాంటి భూమి రికార్డులు చదవగలిగే జూనియర్‌కు ఏ సీనియర్ లాయర్ ఆఫీసులోనైనా పని దొరుకుతుంది. ఆయన టీచర్ అన్నారు కదా, ఈ లెక్క అర్థం చేసుకుంటారు.

ఇంకొకటి. లైంగిక వేధింపుల నిరోధానికి వచ్చిన 2013 చట్టం ట్రైనీలకూ వర్తిస్తుంది, ఊళ్లకు వెళ్లే ప్రయాణానికీ వర్తిస్తుంది. పదిమంది లేదా అంతకన్నా ఎక్కువమంది పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలి, అంతకన్నా తక్కువైతే జిల్లా స్థాయి స్థానిక కమిటీకి వెళ్లాలి. మీ సంస్థలో కమిటీ ఎవరో మొదటి వారంలోనే అడిగి పేర్లు రాసుకోండి. హక్కుల సంస్థ కదా, ఇక్కడ అలాంటివి ఉండవు అని ఎవరైనా అంటే నమ్మేయకండి.

సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో రౌండ్ టేబుల్ సమావేశం పెడితే కుర్చీలు సర్దాల్సి వస్తుంది. ఇందిరా పార్కు ధర్నా చౌక్‌లో బ్యానర్ కట్టాల్సి వస్తుంది. డైరెక్టరూ కడతారు, మీరూ కట్టండి. కానీ మూడు వారాలైనా అవే పనులుంటే కూర్చుని అడగండి, ఒక జీవో మీద నోట్ రాస్తానని మీరే ప్రతిపాదించండి. ప్రెస్‌నోట్ తెలుగులో రాసే అవకాశం వస్తే వదలొద్దు. ఇంగ్లిష్‌లో బాగా రాసే ఇంటర్న్‌లు చాలామంది ఉంటారు, జిల్లా విలేకరి మార్చకుండా వాడుకోగల తెలుగు రాసేవాళ్లు అరుదు.

ఆఖరి వారం కొత్త పని ఏదీ ఒప్పుకోకండి. ఒక్కో దరఖాస్తు ఏ నంబర్, ఎక్కడ ఆగింది, తర్వాత ఏ తేదీకి ఎవరిని అడగాలి అన్నది ఒక షీట్‌లో పెట్టండి. మీ పేరుతో వేసిన సమాచార హక్కు దరఖాస్తుల జాబితా విడిగా ఇవ్వండి, అప్పీలు గడువుతో సహా. మీరు మాట్లాడిన కుటుంబాలకు ఫోన్ చేసి, నేను వెళ్లిపోతున్నాను, మీ కాగితం ఫలానా చోట ఉంది, ఇకనుంచి ఫలానా వాళ్లతో మాట్లాడండి అని చెప్పి ఆ నంబర్ ఇవ్వండి. సర్టిఫికెట్‌లో “విజయవంతంగా పూర్తి చేశారు” అన్న ఒక్క లైనుతో సరిపెట్టకుండా ఏ పని చేశారో, ఎన్ని వారాలో తేదీలతో రాయించుకోండి. కాలేజీకి కావాల్సింది అదే.